డీజిల్‌లో నీళ్లు, ఫిల్టర్‌లో మడ్డి

2025 జూన్ 26 రాత్రి. మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ మర్నాడు రత్లాంలో ఒక పారిశ్రామిక సదస్సుకు రావాలి. ఆయన కాన్వాయ్ కోసం ఇందౌర్ నుంచి బయల్దేరిన కార్లు దారిలో ఓ బంకు దగ్గర ఆగి డీజిల్ పోయించుకున్నాయి. కాస్త దూరం వెళ్లాయో లేదో ఒకటి ఆగింది. దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే 19 కార్లూ రోడ్డు మీద నిలిచిపోయాయి. తోసుకుంటూ పక్కకు చేర్చి ట్యాంకులు విప్పితే డీజిల్‌తో పాటు నీళ్లు బయటపడ్డాయి. 20 లీటర్లు పోయించుకున్న బండిలో 10 లీటర్ల దాకా నీళ్లే ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అదే బంకులో 200 లీటర్లు కొట్టించుకున్న ఓ లారీ కూడా కొంత దూరం పోయి మొరాయించింది. వాన నీరు భూగర్భ ట్యాంకులోకి దిగి ఉంటుందన్నారు. అధికారులు రాత్రికి రాత్రే బంకుకు సీలు వేసి, ఇందౌర్ నుంచి వేరే కార్లు తెప్పించారు.

ముఖ్యమంత్రి కార్లు కాబట్టి సంగతి దేశమంతా తెలిసింది. అదే ఏ ఇసుక లారీకో వరికోత మిషనుకో జరిగితే ఓనరుకూ మెకానిక్కుకూ మధ్య చిన్న తగువుగా ముగిసిపోయేది. మన దేశం ఏటా సుమారు 9 కోట్ల టన్నుల డీజిల్ వాడుతోంది. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, మరపడవలు, జనరేటర్లు, బోరు బళ్లు అన్నీ దాని మీదే నడుస్తాయి.

నిజానికి ఇలా సగానికి సగం నీళ్లు ఒకేసారి పడటం అరుదు. చాలా ఇంజన్లను పాడుచేసేది చెంచాడు చెంచాడుగా చేరి, నెలల తరబడి ట్యాంకు అడుగున ఉండిపోయే నీరు. అది తుప్పు పుట్టిస్తుంది, బూజు పెంచుతుంది, ఆ మడ్డితో ఫిల్టర్‌ను మూసేస్తుంది. బండి ఆగినప్పుడు ఫిల్టర్ మార్చి పంపేస్తారు, నీళ్లు మాత్రం ట్యాంకులోనే ఉంటాయి. వారం తిరక్కుండా కొత్త ఫిల్టరూ మూసుకుపోతుంది. మూసుకుపోయిన ఫిల్టర్ జ్వరం లాంటిది. జబ్బు దానికి ఎగువన ఎక్కడో ఉంటుంది, వెతకాల్సింది దాన్ని.

నీరు వచ్చే దారులు

రిఫైనరీ గేటు దాటేటప్పుడు డీజిల్ తేటగానే ఉంటుంది. బీఎస్-6 ప్రమాణాల ప్రకారం కిలో డీజిల్‌లో నీరు 200 మిల్లీగ్రాములు, నలుసులు 24 మిల్లీగ్రాములు మించకూడదు. వెయ్యి లీటర్ల డీజిల్‌కు లెక్కవేస్తే ఆ నీరు 170 మిల్లీలీటర్లకు మించదు. అంటే పెద్ద టీ గ్లాసుడు. అది కూడా డీజిల్‌లో కరిగిపోయి కంటికి ఆనదు.

ఇబ్బంది ప్రయాణంలో మొదలవుతుంది. విశాఖ రిఫైనరీ నుంచి బయల్దేరిన డీజిల్ రాజమండ్రి, విజయవాడ, సూర్యాపేట మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైనులో వస్తుంది. అక్కడక్కడా డిపోల్లో ట్యాంకులకెక్కి, ట్యాంకర్లలోకి దిగి, బంకు కింది ట్యాంకుకు చేరి, కొన్నిసార్లు క్యాన్లలోనూ డ్రమ్ముల్లోనూ ఊళ్లకు వెళ్లి, చివరికి బండి ట్యాంకులో పడుతుంది. చేయి మారిన ప్రతిచోటా ఒక మూత తెరుచుకుంటుంది. వాన కాలంలో బంకు ట్యాంకు మూత చుట్టూ నీళ్లు నిలిచి, రబ్బరు సీలు చీలి ఉంటే చాలు, నీరు లోపలికి దిగుతుంది.

మూతలన్నీ గట్టిగా ఉన్నా నీరు రావడం ఆగదు. ట్యాంకులోంచి లీటరు డీజిల్ బయటికి వెళ్తే దాని చోటులోకి లీటరు గాలి లోపలికి వస్తుంది. మన కోస్తాలో ఆ గాలి నిండా చెమ్మే. పగలు వేడెక్కిన ట్యాంకు రాత్రికి చల్లబడితే లోపలి గోడలకు చెమట పట్టినట్టు బొట్లు కడతాయి. ఆ బొట్లు జారి అడుగుకు చేరతాయి. లీటరు డీజిల్ బరువు 820 నుంచి 845 గ్రాములు, లీటరు నీరు కిలో. కాబట్టి కిందికి చేరిన నీరు పైకి రాదు, డీజిల్ కప్పి ఉండటంతో ఆవిరైపోదు. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, చెమ్మా ఎక్కువ. పని ముగిశాక సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టమని పాత డ్రైవర్లు చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇదే.

డీజిల్‌లో కరిగి ఉన్న నీటికీ ఒక తీరుంది. వేడి డీజిల్ ఎక్కువ నీటిని కరిగించుకుంటుంది, చల్లారితే వదిలేస్తుంది. ఇప్పటి ఇంజన్లు పంపు దగ్గర బాగా వేడెక్కిన డీజిల్‌లో కొంత భాగాన్ని మళ్లీ ట్యాంకుకే పంపుతాయి. బండి ఆగి, ట్యాంకు చల్లారాక ఆ డీజిల్ మసకబారి, నీరు సన్నని బొట్లుగా విడిపోతుంది. దీన్ని ఎవరైనా చూడొచ్చు. ట్యాంకు అడుగు నుంచి తీసిన డీజిల్‌ను తెల్ల గాజు సీసాలో పోసి దాని వెనక వార్తాపత్రిక పట్టుకుంటే, మంచి డీజిల్ లోంచి అక్షరాలు స్పష్టంగా కనపడతాయి. నీరున్న డీజిల్‌లో అవి మసకగా ఉంటాయి. సీసాను ఓ గంట కదపకుండా ఉంచితే అడుగున అద్దంలాంటి పొర ఒకటి గీత గీసినట్టు విడిగా నిలుస్తుంది. అది నీరు.

గీత మీద పెరిగే బూజు

ఆ గీత దగ్గరే అసలు కథ నడుస్తుంది. నీరూ డీజిలూ కలిసే చోట కొన్ని బూజులూ బ్యాక్టీరియాలూ కాపురం పెడతాయి. వాటికి తాగేందుకు నీరు కావాలి, తినేందుకు డీజిల్‌లోని హైడ్రోకార్బన్లు చాలు. వీటిలో పేరుమోసింది అమోర్ఫోథీకా రెజినే అనే బూజు. కిరోసిన్ ఫంగస్ అని దానికి ఇంకో పేరు. జెట్ విమానాలు వచ్చిన కొత్తలో వాటి ఇంధన ట్యాంకుల్లో గోధుమరంగు తెట్టెలు కట్టి ఇంజనీర్లను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. జెట్ ఇంధనం కిరోసిన్ జాతిదే, డీజిల్ దానికి దగ్గర చుట్టం.

బూజుకు 25 నుంచి 35 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది. తెలుగునాట ఏడాదిలో చాలా నెలలు ట్యాంకు లోపల అంతే ఉంటుంది. పాచిలా జారుడుగా పెరిగే ఈ తెట్టె గతుకుల రోడ్డు మీద కుదుపులకు ముక్కలై పైపులోకి వెళ్లి ఫిల్టర్ కాగితానికి అంటుకుంటుంది. ఒక్క పూటలో ఫిల్టర్ నిండిపోయిందంటే అక్కడ తుప్పు కన్నా బూజునే అనుమానించాలి. పైగా ఇవి తిన్నదాన్ని ఆమ్లాలుగా విసర్జిస్తాయి, ఆ ఆమ్లాలు ట్యాంకు ఇనుమును తినేస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 42 భూగర్భ డీజిల్ ట్యాంకులను పరిశీలించి 2016లో నివేదిక ఇచ్చింది. వాటిలో 83 శాతం ట్యాంకుల్లో లోపలి లోహం ఓ మోస్తరుగానో తీవ్రంగానో తుప్పుపట్టి ఉంది. తమ ట్యాంకు అలా ఉందని పరీక్షకు ముందే తెలిసిన యజమానులు నాలుగో వంతు కూడా లేరు.

ఇంజను ఓర్పు తగ్గింది

పొలాల్లో నీళ్లు తోడిన పాత కిర్లోస్కర్ ఇంజన్లు, ఒకప్పటి లారీలు ఎలాంటి డీజిల్ పోసినా నడిచాయని పెద్దవాళ్లు అంటుంటారు. అందులో నిజం ఉంది. ఆ చిన్న ఇంజన్ల నాజిల్ 200 బార్ల అటూ ఇటూ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మన మెకానిక్కుల నోట్లో ‘మైకో’, తయారుచేసిన పంపుల్ని ఊరి షాపులోనే విప్పి, కడిగి, బిగించేవారు. కాస్త నలుసు పోయినా ఇంజను రెండు దగ్గులు దగ్గి మళ్లీ దారిలో పడేది.

1995లో జపాన్‌లో ఓ హినో లారీకి డెన్సో కంపెనీ కామన్ రైల్ పద్ధతి బిగించింది. 1997లో బాష్ పద్ధతితో ఆల్ఫా రోమియో కారు వచ్చింది. మన దగ్గర సీఆర్‌డీఐ అన్న పేరుతో జనానికి తెలిసింది ఈ పద్ధతే. ఇందులో డీజిల్‌ను 1600 నుంచి 2000 బార్ల దాకా, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో ‘రైలు’ అనే ఒక గొట్టంలో నిలిపి ఉంచి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో ఇంజెక్టర్ ద్వారా సన్నని తుంపరగా కొడతారు. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది, చప్పుడు తగ్గింది. బదులుగా ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య ఎడం రెండు నుంచి నాలుగు మైక్రాన్లకు చిక్కింది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వేళ్ల మధ్య నలిపినా తెలియనంత సన్నని దుమ్ము ఆ ఒత్తిడిలో ఉక్కును గీరేస్తుంది. నీటి బొట్టు నాజిల్ కొసకు చేరిందంటే ఆ వేడికి తటాలున ఆవిరై కొసను పగలగొట్టగలదు.

డీజిల్ కూడా మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిలే అమ్ముతున్నారు. అందులో గంధకం పది లక్షల వంతుల్లో 10కి మించకూడదు. అంతకుముందు బీఎస్-4లో అది 50, బీఎస్-3లో 350. ఊపిరితిత్తులకు ఇది మేలు. అయితే గంధకాన్ని తీసేసే ప్రక్రియలోనే డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా పోతుంది. పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన కాబట్టి, పోయిన జారుడు గుణాన్ని కంపెనీలు వేరే రసాయనం కలిపి పూడుస్తాయి. ఆ పూడ్పు మీద ఆధారపడ్డ పంపులోకి నీళ్లో కిరోసినో వెళితే లోహం లోహాన్ని రాసుకుంటుంది.

ఆటోనగర్‌లో ఓ ఫిల్టర్ మార్పు

లారీకి సాధారణంగా రెండు డీజిల్ ఫిల్టర్లుంటాయి. ట్యాంకు వైపు ఉండేది వాటర్ సెపరేటర్. దాని కింద చిన్న గిన్నె, గిన్నెకు డ్రెయిన్ నట్టు ఉంటాయి. పంపు చిలికితే నీటి బొట్లు మరీ సన్నబడి డీజిల్‌లో కలిసిపోతాయి కనుక దీన్ని పంపుకు ముందే పెడతారు. ఇందులో డీజిల్ నెమ్మదించి, చిన్న బొట్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై గిన్నెలోకి జారతాయి. రెండోది సన్న ఫిల్టర్. మడతలు మడతలుగా పెట్టిన కాగితం లేదా కృత్రిమ నార రెండు నుంచి అయిదు మైక్రాన్ల నలుసుల్ని పట్టుకుంటుంది. ఇంజనాయిల్ ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్ పక్కదారిన వెళ్లేందుకు వాల్వు ఉంటుంది. డీజిల్ ఫిల్టర్లకు మామూలుగా ఆ ఏర్పాటు ఉండదు, ఎందుకంటే మురికి డీజిల్ ఇంజెక్టర్‌కు వెళ్లడం కన్నా ఇంజను ఆగిపోవడమే మేలు.

ఆగేముందు ఇంజను చెబుతూనే ఉంటుంది. పొద్దున స్టార్టింగు ఆలస్యం. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం. ఆక్సిలరేటర్ కదపకున్నా ఇంజను చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉండటం. ఖాళీ బండి బాగానే పోతూ, లోడు పడగానే మిస్సింగ్ కొట్టడం. కొత్త బళ్లలో అయితే డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్, నీటి చుక్కల బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. గిన్నె నిండిందని దానర్థం. ఇంజను ఆపి, కింద సీసా పెట్టి, నట్టును అరచుట్టు వదులు చేసి, తేట డీజిల్ వచ్చేదాకా వదిలితే పది నిమిషాల పని. దీనికి స్పేరు పార్టులు అక్కర్లేదు. దాన్నే వాయిదా వేసేవాళ్లు ఎక్కువ.

విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా ఫిల్టర్ మార్చే దృశ్యం కనపడుతుంది. బెల్టు రెంచితో పాత ఫిల్టర్‌ను తిప్పి తీస్తారు. బోర్లిస్తే నల్లటి డీజిల్, దాని వెనకే కాఫీ మడ్డి రంగు ముద్ద పడుతుంది. పాత రబ్బరు వాషరు పైనే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూస్తారు. అది ఉండిపోతే కొత్తది బిగించాక గాలి లాగుతుంది. ఇంతవరకూ బాగానే ఉంటుంది. తర్వాత కుర్రాడు మూత లేని క్యాన్‌లోంచి డీజిల్ తెచ్చి, కొత్త ఫిల్టర్ నడిమి రంధ్రంలో గొంతు దాకా పోస్తాడు. త్వరగా స్టార్టవ్వాలని తరతరాలుగా చేస్తున్న పని ఇది. పాత ఇంజన్లకు చెల్లింది. కామన్ రైల్ ఇంజనుకు ఇదే చేటు. ఆ నడిమి రంధ్రం వడకట్టిన డీజిల్ బయటికి వెళ్లే దారి. అక్కడ పోసిన క్యాన్ డీజిల్ ఏ వడపోతా లేకుండా నేరుగా పంపుకు వెళ్తుంది. సన్న ఫిల్టర్‌ను ఖాళీగానే బిగించి చేతి పంపుతో డీజిల్ ఎక్కించమని ఇంజను కంపెనీలు గట్టిగా చెప్పేది అందుకే. గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ దగ్గర నురగ ఆగి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా కొట్టాలి. గాలి మిగిలితే ఎయిర్ లాక్ అయి ఇంజను అందుకోదు.

ఇంకో అలవాటు పాత ఫిల్టర్‌కు ఎయిర్ కొట్టి, డీజిల్‌లో జాడించి మళ్లీ బిగించడం. ఆ గాలి దెబ్బకు కాగితం రంధ్రాలు చిరుగుతాయి. బయటికి శుభ్రంగా కనపడే ఆ ఫిల్టర్ అప్పటినుంచి నలుసుల్ని ఆపదు. ప్రాణం మీదకు తెచ్చే పని మరొకటి ఉంది. నాజిల్ దగ్గరి పైపు నట్టును ఇంజను తిరుగుతుండగా వదులు చేసి డీజిల్ వస్తోందో లేదో చూడటం పాత పద్ధతి. కామన్ రైల్‌లో అక్కడ వేయి బార్లకు పైగా ఒత్తిడి ఉండవచ్చు. సూదిలాంటి ఆ ధార చర్మాన్ని చీల్చి కండలోకి డీజిల్‌ను ఎక్కిస్తుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల కండ చచ్చిపోవడం మాత్రం మొదలవుతుంది. గంటల్లోపు ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు.

ఒక ఓడ, పైపుల కట్ట

డీజిల్‌లో నీళ్లు ఎంత దూరం తీసుకెళ్తాయో 1993లో ప్రపంచం చూసింది. బ్రేయర్ అనే ట్యాంకర్ ఓడ సుమారు 85 వేల టన్నుల ముడిచమురుతో నార్వే నుంచి కెనడాకు బయల్దేరింది. స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవుల దగ్గర తుపాను. డెక్ మీద ఉంచిన ఇనుప పైపులు విడిపోయి అటూ ఇటూ దొర్లి, డీజిల్ ట్యాంకులకు గాలి వెళ్లే గొట్టాలను విరగ్గొట్టాయి. డెక్ మీదికి ఎగసిన సముద్రపు నీరు ఆ విరిగిన గొట్టాల గుండా ట్యాంకుల్లోకి దిగింది. జనవరి 5 తెల్లవారుజామున ఇంజను ఆగింది. జనరేటర్లూ అదే డీజిల్ మీద నడిచేవి కావడంతో అవీ ఆగాయి. కదిలే శక్తి లేక కొట్టుకుపోయిన ఓడ ఆ పొద్దునే రాళ్లకు తగిలింది. ఓడలోని వాళ్లను హెలికాప్టర్లతో కాపాడగలిగారు. మోసుకెళ్తున్న చమురు మాత్రం సముద్రం పాలైంది. అంత పెద్ద ఓడలో ముందుగా విరిగినవి గాలి గొట్టాలే.

మన తీరంలో మరపడవల ట్యాంకులకూ ఇలాంటి గాలి గొట్టాలే ఉంటాయి. వాటి నోరు ఎత్తుగా, కిందికి వంగి, జల్లెడతో ఉండాలి. అలల తుంపర నేరుగా పడే చోట ఉంటే వేట ముగిసేలోపు ఉప్పునీరు ట్యాంకులో ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో పడవలు కదలవు. మండుటెండలు, ఉప్పుగాలి, సగం ఖాళీ ట్యాంకులు. బూజుకు ఇంతకన్నా అనువైన కాలం ఉండదు. వేటకు వెళ్లే రోజున అలలకు ట్యాంకు ఊగగానే అడుగున ఉన్న మడ్డి లేస్తుంది. జెట్టీ దగ్గర బాగా నడిచిన ఇంజను నడిసముద్రంలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం అదే. లంగరెత్తే ముందే ట్యాంకు అడుగు నీరు తీసి, అదనంగా రెండు ఫిల్టర్లు వెంట పెట్టుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

బంకు దగ్గర హక్కులు

నీరు ఎక్కువగా నిర్లక్ష్యం వల్ల వస్తే, కిరోసినూ పారిశ్రామిక నూనెలూ అత్యాశ వల్ల కలుస్తాయి. ఆ అత్యాశ ఎంత దూరం పోయిందో తెలిపే పేరు షణ్ముగం మంజునాథ్. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పెరిగి, లక్నో ఐఐఎంలో చదివి, ప్రభుత్వరంగ చమురు సంస్థలో సేల్స్ ఆఫీసరైన ఆయన కల్తీ ఇంధనం అమ్ముతున్న బంకు మీద చర్య తీసుకున్నందుకు 2005 నవంబరు 19న ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో హత్యకు గురయ్యాడు. అప్పటికి ఆయన వయసు 27. కిరోసిన్ కలిస్తే డీజిల్ పలచబడి జారుడు గుణం తగ్గుతుంది. రోజూ బంకు మారుస్తూ తిరిగే లారీకి అది వెంటనే తెలియదు, పంపు అరిగాక తెలుస్తుంది. ‘బయో డీజిల్’ బోర్డు పెట్టి చవకగా అమ్మే సరుకూ ఇలాంటిదే. బయో డీజిల్ అమ్మకానికి కేంద్రం 2019లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం అది డీజిల్‌లో కలిపేందుకే, ఏదో ఒక నూనెకు ఆ పేరు పెట్టి అమ్మడానికి కాదు.

కొనేవాడికి చేతిలో కొన్ని ఆయుధాలున్నాయి. వడపోత కాగితం మీద చుక్క వేసి చూసే పరీక్ష పెట్రోలుకే పనికొస్తుంది. ఆరిపోని డీజిల్‌తో అది ఏమీ తేల్చదు. డీజిల్‌కు అడగాల్సింది సాంద్రత. ఆ రోజు నమోదు చేసిన సాంద్రత బంకులో కనపడేలా ఉండాలి. గాజు జాడీలో హైడ్రోమీటరు, థర్మామీటరు వేసి చూపించమని అడగవచ్చు. వచ్చిన అంకెను 15 డిగ్రీల వేడికి సరిచేసి చూస్తారు. డిగ్రీకి సుమారు 0.7 చొప్పున తేడా వస్తుంది కనుక ఎండపూట 816 చూపినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, అది 15 డిగ్రీల దగ్గర 830 కావచ్చు. రాసి ఉన్న అంకెకూ సరిచేసిన అంకెకూ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే అనుమానించాలి. అడుగున చేరిన నీటిని మాత్రం సాంద్రత పట్టివ్వదు. దానికి వేరే పరీక్ష ఉంది. ట్యాంకులో దించే డిప్ రాడ్డు కొసకు నీటిని పట్టే పేస్టు రాసి దించితే, నీరు తగిలినంత మేర రంగు మారుతుంది. వాన వెలిసిన రోజున అడగదగిన పరీక్ష ఇదే. ట్యాంకర్ సరుకు దించుతున్నప్పుడు అడుగు కలకబారి ఉంటుంది కాబట్టి ఆ సమయంలో కొట్టించుకోకపోవడం మంచిది. బిల్లు తీసుకోవడం మరవకూడదు. గొడవ వస్తే బిల్లు లేని మాట నిలవదు.

బీఎస్-6 లారీల్లో కొత్త ప్రమాదం ఒకటి చేరింది. పొగను శుద్ధి చేసేందుకు వాడే డెఫ్, అంటే 32.5 శాతం యూరియా కలిపిన నీరు, పక్కనే నీలం మూత ఉన్న చిన్న ట్యాంకులో పోయాలి. తెల్లవారుజామున నిద్రమత్తులో అది డీజిల్ ట్యాంకులో పడిందంటే అడుగుకు దిగి, పంపులో గడ్డకట్టి, లోహాన్ని తినేస్తుంది. రెండింటికీ ఒకే గరాటు వాడినా చిక్కే. పొరపాటు జరిగిందని తెలిసిన క్షణాన తాళం చెవి కూడా తిప్పకూడదు. తిప్పితే కొన్ని బళ్లలో లోపలి పంపు వెంటనే పని మొదలుపెడుతుంది. ట్యాంకు వరకే ఉన్న చెడుగు ఇంజెక్టర్ల దాకా పాకుతుంది.

కదలని ట్యాంకులు

కరెంటు కోతలు తగ్గాక హైదరాబాద్ అపార్టుమెంట్లలో జనరేటర్లు చాలావరకు ఊరకే ఉంటున్నాయి. వాటి ట్యాంకుల్లో ఎప్పటి డీజిలో ఉంటుంది. నిల్వ ఉన్న డీజిల్ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు గాలితో కలిసి జిగురు కట్టడం మొదలుపెడుతుంది. లిఫ్టు మధ్యలో ఆగిన రాత్రి జనరేటర్ స్టార్టయి రెండు నిమిషాలకే ఆగిపోతుంది. నెలకోసారి లోడు పెట్టి అరగంట నడపడం, అడుగు నీరు వదలడం, ఏడాది దాటిన డీజిల్‌ను తీసేయడం కమిటీ పనుల జాబితాలో ఉండాలి.

రైతుల డ్రమ్ము సంగతి వేరు. నిలబెట్టిన డ్రమ్ము పైన వాన నీరు నిలుస్తుంది. రాత్రి డ్రమ్ము చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటే, బిగించి ఉన్న బిరడా మరల గుండా ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్మును పడుకోబెట్టి బిరడాలు రెండూ పక్కలకు ఒకే ఎత్తులో ఉండేలా ఉంచాలి, లేదా నీరు బిరడా దగ్గర నిలవకుండా వంచి పెట్టి పైన కప్పు వేయాలి. జింకు పూత ఉన్న డబ్బాలూ బకెట్లూ డీజిల్‌కు పనికిరావు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి జిగట పదార్థంగా మారి ఫిల్టర్‌కు చేరుతుంది. డ్రమ్ములోంచి తోడే గొట్టం అడుగుకు ఆనకుండా నాలుగు వేళ్లు పైన ఉంటే మడ్డి డ్రమ్ములోనే ఉండిపోతుంది.

పాత ఫిల్టర్ కోసి చూస్తే

చెడ్డ డీజిల్ పడ్డట్టు తేలితే మొదట చేయాల్సింది ఇంజను ఆపడం. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, దించి, అడుగు కడిగి, ఆరబెట్టాలి. పైపులు విప్పి శుభ్రం చేసి, రెండు ఫిల్టర్లూ మార్చాలి. కొన్ని రోజుల్లోనే మరోసారి మార్చాల్సి వస్తుంది, ఎందుకంటే గోడలకు అంటిన మడ్డి కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. బూజు ఉంటే దాన్ని చంపే మందులు దొరుకుతాయి. అవి విషం కాబట్టి తొడుగులు వేసుకుని, చెప్పిన కొలతకే పోయాలి. చచ్చిన బూజు కూడా ఫిల్టర్‌కే చేరుతుంది కనుక మందు వేసిన వారం కొత్త ఫిల్టర్లు దగ్గరుంచుకోవాలి. నీటిని ‘కరిగించేందుకు’ స్పిరిట్ పోసే చిట్కా కామన్ రైల్‌కు కూడదు. అడుగున ఉండి గిన్నెలో చిక్కాల్సిన నీటిని అది డీజిల్‌లో కలిపి ఇంజెక్టర్ దాకా మోసుకెళ్తుంది.

చెడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో పాత ఫిల్టరే చెబుతుంది. రేకును కోసి మడతలు విప్పి వెలుగులో చూడాలి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పుపట్టింది. జారుడుగా, పుల్లటి కంపుతో గోధుమరంగు తెట్టె ఉంటే బూజు. తారులాంటి నల్లని పూత ఉంటే ముదిరిన డీజిల్. బూడిదరంగు సన్న దుమ్ము ఉంటే మూతనో గాలి గొట్టాన్నో చూడాలి. కాగితం ముడతలు పడి ఉబ్బితే నీళ్లు. మడతల మధ్య వెండిరంగు మెరుపు కనపడితే మాత్రం ఆలస్యమైనట్టే. అది పంపు లోపల అరిగిన లోహం. వాడగా మిగిలిన డీజిల్‌తో పాటు ట్యాంకుకు తిరిగివచ్చి, అక్కణ్ణుంచి ఫిల్టర్‌కు చేరిన పొడి. అప్పటికే రైలులోకీ ఇంజెక్టర్లలోకీ పోయి ఉంటుంది. ఫిల్టర్ ఖరీదు వందల్లోనో రెండు మూడు వేలల్లోనో ఉంటే, కామన్ రైల్ ఇంజెక్టర్ ఒక్కటే పదివేలు దాటుతుంది. ఈ దశలో ఖర్చు తగ్గించుకుందామని పంపు ఒక్కటే మార్చి, ట్యాంకూ పైపులూ రైలూ కడగకుండా వదిలేస్తే, పాత పంపు రాల్చిన పొడే కొత్త పంపును కూడా అరగదీస్తుంది.